బెల్టు కొన్నాం, పిల్లవాణ్ణి బావిలోకి దింపొచ్చా?

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట దగ్గర ఒక పల్లె నుంచి ఒకామె రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. వయసు 34. ఇంట్లో భర్త, అత్తగారు, 12 ఏళ్ల కూతురు, 8 ఏళ్ల కొడుకు. భర్తది రొయ్యల సాగు. ఇంటికి ఒక పక్క పంట కాలువ, ఇంకో పక్క రొయ్యల గుంటలు, పెన్న కూడా పెద్ద దూరమేం కాదు. ఆమె ఆ ఇంటికి కోడలుగా రాకముందే మరిది చనిపోయాడు. 15 ఏళ్ల వయసులో స్నేహితులతో కలిసి పెన్నలో స్నానానికి దిగి, ఇసుక తవ్విన గుంటలో మునిగిపోయాడు. అప్పటి నుంచి అత్తగారు ఇంట్లో ఈత అన్న మాటే ఎత్తనివ్వరు. పిల్లలు కాలువ గట్టు మీదికి పోయారని తెలిస్తే ఆ పూట ఆమె అన్నం ముట్టరు.

ఇప్పుడు భర్త ఆన్‌లైన్‌లో గాలి ఊదుకునే ఈత బెల్టులు రెండు తెప్పించారు. వేసవి సెలవుల్లో బావగారి తోటలో ఉన్న బావిలో కొడుక్కి ఈత నేర్పుతానంటున్నారు, అమ్మకు మాత్రం చెప్పొద్దంటున్నారు. రెండు బెల్టులూ కొడుక్కేనట, ఒకటి పాడైతే ఇంకోటి. కూతురు "మరి నాకు?" అంటే "ఆడపిల్లవి, నీకెందుకు" అన్నారట. పిల్లవాడు బెల్టు కట్టుకుని ఇల్లంతా తిరుగుతూ "కార్తీక పున్నమికి మైపాడు బీచికి పోయినప్పుడు నేను లోపలి దాకా పోతా, బెల్టుంది గదా" అన్నాడు. ఆ రాత్రి ఆమెకి నిద్ర లేదు. మర్నాడు భర్తను నిలదీస్తే, "నీ భయం పిల్లలకి అంటించబాక. నా తమ్ముడికి ఈత వచ్చుంటే ఈపాటికి వాడికీ పిల్లలుండేవాళ్లు" అని లేచి వెళ్లిపోయారు.

ఆమె అడిగినవి మూడు. ఆ బెల్టును నమ్మొచ్చా? నేను అడ్డుపడాలా, ఊరుకోవాలా? అత్తకు చెప్పకుండా ఉండటం తప్పు కాదా?

అమ్మా, మీ వారు లేచి వెళ్తూ అన్న మాటను మీరు బాధతో రాశారు గానీ, మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపేసిన మాట అదే. తమ్ముడు పోయిన ఇంట్లో, ఆ తల్లి పిల్లల్ని నీళ్ల దగ్గరికే పోనివ్వను అనుకుంది, ఆ అన్న పిల్లలకి ఈత నేర్పి తీరాలి అనుకున్నాడు. ఇద్దరిదీ ఒకే దుఃఖం. ఇన్నేళ్లూ వాళ్లిద్దరూ దాని గురించి కూర్చుని మాట్లాడుకోలేదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది, మధ్యలో వచ్చిన మీరు ఇద్దరి భయాలూ మోస్తున్నారు. కాబట్టి మీ వారిని మొండివాడు అనుకోకండి, అత్తగారిని చాదస్తం అనుకోకండి, మిమ్మల్ని మీరు పిరికిదాన్ని అనుకోకండి. మీ కొడుకు మాట విని మీకు నిద్ర పట్టకపోవడంలో చాలా న్యాయం ఉంది, ఎందుకంటే వాడికి బెల్టు గురించి ఉన్న నమ్మకం తప్పు.

బెల్టు సంగతి చెబుతాను. ఒక లీటరు గాలిని నీళ్లలో ముంచి పట్టుకుంటే అది సుమారు ఒక కిలో బరువుని పైకి లేపుతుంది. మన ఒళ్లు దాదాపు నీళ్లంత బరువే కాబట్టి, పెద్ద మనిషి తల నీళ్ల పైన ఉండటానికి అదనంగా 3 నుంచి 5 కిలోల బలం ఉంటే మామూలుగా సరిపోతుంది, పిల్లలకి ఇంకా తక్కువ చాలు. మన పెద్దవాళ్లు ఎండిన సొరకాయ బుర్రలు, బెండ్లు నడుముకి కట్టి నేర్పింది ఇదే లెక్కతో, ఆ తర్వాత లారీ ట్యూబులు, నూనె క్యాన్లు వచ్చాయి. కాబట్టి మంచి బెల్టు మీ పిల్లవాణ్ణి తేలుస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ అది తేల్చేది నడుముని. పైన ఉండాల్సింది ముక్కూ నోరూ అని దానికి తెలీదు.

బెల్టు కాస్త వదులై తుంటి మీదికి జారిందంటే, నడుము కింది భాగం పైకి లేచి తల కిందికి పోతుంది. ఈత రాని పిల్లవాడు అక్కడ తనంతట తాను తిప్పుకోలేడు. చంకల్లోకి జారితే, వాడు భయపడి చేతులు పైకెత్తగానే ఊడి వచ్చేస్తుంది. సరిగ్గా బిగించినా సరే, దెబ్బ తగిలో బెదిరో స్పృహ తప్పినవాణ్ణి వెల్లకిలా తిప్పే శక్తి నడుము బెల్టుకు లేదు. ఆ పనికి చేసినవి లైఫ్ జాకెట్లు, వాటిలోనూ తేడాలున్నాయి. 50 న్యూటన్లు అని రాసి ఉన్నది ఈత వచ్చినవాళ్లకి సాయంగా ఉండేది. 100, 150 అని ఉన్నవి ముఖం పైకి వచ్చేలా తిప్పడానికి తయారైనవి. న్యూటనంటే బలానికి కొలత, 10 న్యూటన్లంటే కిలో బరువుని లేపే బలం అనుకోండి. మీ ఇంట్లో ఉన్న ప్యాకెట్ తీసి చిన్న అక్షరాలు కూడా చదవండి. ప్రాణరక్షణ సాధనం కాదు, పెద్దవాళ్లు దగ్గర ఉండాలి అనే మాటలు ఇలాంటి వాటి మీద మామూలుగా ఉంటాయి. అవి ఉంటే మీ వారి చేతికిచ్చి చదవమనండి, మీరు చెప్పినదానికంటే అది ఎక్కువ పని చేస్తుంది.

ఇక గాలి. గాలి బెల్టుకు ఒకటే అర ఉంటే ఒక్క చిల్లుతో మొత్తం పోతుంది, రెండు మూడు విడి అరలుంటే కొంత మిగులుతుంది. మన కాలువ గట్లన్నీ సర్కారు తుమ్మే కదా, ఒక ముల్లు చాలు. బావి రాళ్లకి రాసుకున్నా చాలు. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఎండలో ఉన్నప్పుడు గట్టిగా ఉన్న బెల్టు చల్లటి బావి నీళ్లలోకి దిగాక లోపలి గాలి కుంచించుకుని కాస్త మెత్తబడుతుంది, అంటే గట్టున బిగించిన బిగువు నీళ్లలో ఉండదు. అందుకని నీళ్లలో దిగాక మళ్లీ ఒకసారి లాగి చూడాలి. ముందుగా ఇంట్లో పరీక్షించండి: రాత్రి నిండా ఊది వదిలేసి పొద్దున చూడండి, తర్వాత నీళ్ల తొట్టిలో ముంచి అతుకుల దగ్గర, మూత దగ్గర బుడగలు వస్తున్నాయేమో చూడండి. ఒక్క బుడగ వచ్చినా పారేయండి, అతుకు వేసి వాడొద్దు. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్న రకమైతే పైకి జారే భయం తగ్గుతుంది.

గాలి ఊదే పని లేకుండా స్పాంజి లాంటి ఫోం ముక్కలు గుచ్చిన బెల్టులూ దొరుకుతాయి. ముల్లు గుచ్చుకున్నా వాటికి ఏమీ కాదు, పిల్లవాడికి పట్టు వచ్చేకొద్దీ ఒక్కో ముక్క తీసేయొచ్చు. నేర్చుకోవడానికి నన్నడిగితే అవే మేలు. తాడు లాగితే గ్యాస్ సిలిండర్‌తో ఉబ్బే నడుము బెల్టులు కూడా ఆన్‌లైన్‌లో పక్కనే కనిపిస్తాయి. అవి ఈత వచ్చిన పెద్దవాళ్లు పడవల మీద కట్టుకునేవి, పిల్లలకి కొనొద్దు.

మీ కొడుకు "బెల్టుంది గదా" అన్నాడు చూశారా, అసలు ప్రమాదం ఆ మాటలో ఉంది. బెల్టుతో వారం రోజులు హాయిగా తేలిన పిల్లవాడు తనకి ఈత వచ్చేసిందనే అనుకుంటాడు. ఒకరోజు బెల్టు లేకుండా కాలువలోకి దూకితే, తన ఒళ్లు బెల్టు లేకుండా ఎలా ఉంటుందో వాడికి అప్పటిదాకా తెలీదు. పైగా బెల్టుతో ఉన్నప్పుడు చాలామంది పిల్లలు నీళ్లలో నిటారుగా నిలబడి కాళ్లు తొక్కుతుంటారు, ఈతకి కావాల్సింది పడుకున్న భంగిమ. కాబట్టి నేర్పేవాళ్లు మీ వారైనా కోచ్ అయినా ఒక పద్ధతి పెట్టమనండి. రోజూ చివర్లో కాసేపు బెల్టు విప్పేసి, నడుము లోతు నీళ్లలోనే, నేర్పేవాళ్ల చెయ్యి వాడి వీపు కింద ఉండగా ఉత్తి ఒంటితో తేలాలి. ముఖం నీళ్లలో పెట్టి బుడగలు వదలడం, వెల్లకిలా తేలడం, గట్టు పట్టుకుని పైకెక్కడం ముందు రావాలి, చేతులూ కాళ్లూ ఆడించడం ఆ తర్వాత. రోజులు గడిచేకొద్దీ బెల్టులో గాలి తగ్గించుకుంటూ పోవాలి. ఇంకో ముఖ్యమైన మాట, బెల్టు మీ వాడి సొత్తు కాదు. పాఠం అయిపోగానే మీ వారు తీసి బీరువాలో పెట్టి తాళం వేయాలి. ఇంట్లో కట్టుకుని తిరగడం ఇవాళ్టి నుంచే ఆపించండి.

ఇక ఏ నీళ్లు అన్నది. మీ చుట్టూ ఉన్న నీళ్లన్నీ ఒక్కటి కావు, బెల్టు అన్నిట్లో ఒకేలా పని చేయదు. పెన్నలో పైకి సమంగా కనిపించే చోట అడుగు వేస్తే ఇసుక గుంట ఉంటుంది, అది మీ ఇంట్లో వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. పైన సోమశిల డ్యామ్ నుంచి నీళ్లు వదిలితే మట్టం, వేగం మారిపోతాయి, బెల్టున్న పిల్లవాడు మునగకపోయినా కొట్టుకుపోతాడు. సిమెంటు వేసిన కాలువలో పాచి పట్టిన వాలు ఎక్కలేరు, తూముల దగ్గర నీళ్లు లోపలికి లాగేస్తాయి. మీ వారికి రొయ్యల గుంటలు అలవాటైన చోటు కాబట్టి "ఇక్కడ నాలుగడుగులే కదా" అనిపించొచ్చు, అక్కడ మాత్రం అస్సలు వద్దు. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల రెక్కలు, నీళ్లలోంచి పోయే కరెంటు వైర్లు ఉంటాయి, కింద ప్లాస్టిక్ షీటు పరిచిన గుంటైతే ఆ జారుడుకి పెద్దవాళ్లే బయటికి రాలేరు. గుంట గట్టున ఎలాగూ పనివాళ్లుంటారు, మీ పిల్లలు తిరుగుతారు, కాబట్టి మూత బిగించిన ఖాళీ 5 లీటర్ల నూనె క్యాన్‌కి పొడుగాటి తాడు కట్టి ఒక గుంజకి తగిలించి ఉంచండి. అది ఎవరైనా పడితే విసరడానికి.

మైపాడు సంగతి వేరు. అక్కడ ఊదుడు బెల్టు సాయం కాదు, గుదిబండ. గట్టు వైపు నుంచి గాలి వీస్తే తేలే వస్తువుని లోపలికి తోసుకుపోతుంది. అలలు వెనక్కి పోయే చోట లోపలికి లాగే ప్రవాహం ఏర్పడితే, ఈత బాగా వచ్చినవాళ్లే దానికి ఎదురీదలేరు, తీరానికి సమాంతరంగా పక్కకి ఈది దాన్ని దాటాలి. ఎనిమిదేళ్లవాడు బెల్టుతో ఆ పని చేయలేడు. పైగా మన నెల్లూరు జిల్లాకి వానలు ఎక్కువ పడేదీ తుపాన్లు వచ్చేదీ అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, కార్తీకం సరిగ్గా అందులోనే వస్తుంది. సముద్ర స్నానం మానక్కర్లేదు. పిల్లల మోకాళ్లు దాటి నీళ్లు రాకుండా, చెయ్యి పట్టుకుని, మూడు మునకలు వేయించి బయటికి తీసుకురండి. బెల్టు ఇంట్లో వదిలేసి వెళ్లండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. అడ్డుపడి ఆపించేయడం ఒకటి. మీ మాట నెగ్గితే ఈ వేసవికి అత్తగారు ప్రశాంతంగా ఉంటారు, మీరూ నిద్రపోతారు. కానీ మీ ఇంటి చుట్టూ నీళ్లున్నాయి, అవి ఎక్కడికీ పోవు. ఇంకో నాలుగైదేళ్లకి మీ వాడు ఈడు పిల్లలతో చెప్పకుండా వెళ్లే వయసుకొస్తాడు. మీ మరిది అలాగే వెళ్లాడు. అందుకని ఈ దారి ఇప్పుడు సుఖంగా ఉన్నా నాకు దీని మీద మనసు పోవడం లేదు. పిల్లవాడికి ఇంకా జలుబు, చెవి నొప్పి ఏమైనా ఉండి ఒక ఏడాది ఆగుదామంటే అది వేరే మాట.

బావగారి బావి ఇంకో దారి. మన జిల్లాల్లో ఎన్ని తరాలో బావుల్లోనే నేర్చుకున్నాయి, మీ వారికి ఆ ధైర్యం అందుకే. బావిలో తెలిసినవాళ్లుంటారు, ఖర్చు లేదు. కష్టమేమిటంటే బావిలో లోతు తక్కువ ఉండే చోటంటూ లేదు, మొదటి నిమిషం నుంచే కాళ్ల కింద నేల ఉండదు. నేను పైన చెప్పిన బెల్టు విప్పే పాఠం అక్కడ కుదరదు. అయినా ఆయన అదే అంటే కొన్నిటికి ఒప్పించండి: మెట్లున్న బావి అయ్యుండాలి, మోటారు స్టార్టర్ కట్టేసి ఫ్యూజు పీకి జేబులో పెట్టుకోవాలి, నీళ్లలో ఉన్న మోటారుకి కరెంటు కారిందంటే బెల్టు ఏమీ చేయలేదు. పిల్లవాడి ఛాతీకి తాడు కట్టి దాని కొస గట్టు మీద ఇంకో పెద్దమనిషి చేతిలో ఉండాలి. మీ వారు నీళ్లలో, చెయ్యి చాపితే అందేంత దగ్గర. గట్టు మీద ఉన్నవాళ్లు ఫోను చూడకూడదు. మునిగేవాళ్లు కేకలు పెడతారని అందరూ అనుకుంటారు, ఊపిరి కోసం పెనుగులాడే నోటికి అరిచే వీలుండదు, చప్పుడు లేకుండా ఒక నిమిషం లోపలే అయిపోతుంది.

బావికీ, తర్వాత చెప్పబోయే నెల్లూరు స్విమ్మింగ్ పూల్‌కీ మధ్య ఇంకో దారుంది, మీ ఉత్తరంలో దాని ఊసు లేదు. తోటల్లో బోరు కింద కట్టే సిమెంటు తొట్టి. పిల్లవాడికి నడుముకి కాస్త పైదాకా నీళ్లు నింపి, పాచి గీకి, మోటారు ఆపేసి, మీ వారు కూడా అందులో దిగితే మొదటి పాఠాలన్నీ అక్కడే అయిపోతాయి. ఊపిరి పట్టడం, బుడగలు, వెల్లకిలా తేలడం. బెల్టు కూడా ముందు అక్కడే కట్టి చూడొచ్చు. ఈత పూర్తిగా రాదు, చోటు చాలదు. కానీ భయం పోతుంది, మీరు గట్టున కూర్చుని మీ కళ్లతో చూస్తారు.

నాకు అన్నిటికంటే నచ్చేది నెల్లూరులో పూల్‌లో ఇచ్చే వేసవి ఈత శిక్షణకి పంపడం. రోజూ పోవడం రావడం ఇబ్బందే, ఫీజు ఉంటుంది, ఎండాకాలం రొయ్యల పని వదిలి మీ వారు రాలేకపోవచ్చు, బస్సులో మీరే తీసుకెళ్లాల్సి రావొచ్చు. కట్టే ముందు వెళ్లి చూడండి. తక్కువ లోతు వైపు ఎంత లోతుంది, ఒక్క కోచ్ కింద ఎంతమంది పిల్లలున్నారు, కోచ్ నీళ్లలో ఉంటున్నాడా గట్టు మీద విజిల్ ఊదుతున్నాడా, ఆడవాళ్లకి విడిగా బ్యాచ్ ఉందా. ఒక్కడికి ముప్పైమంది పిల్లలుంటే బావగారి తొట్టే నయం.

ఆడవాళ్ల బ్యాచ్ ఎందుకన్నానంటే మీ కూతురి కోసం. ఆ పిల్ల అడిగిన "మరి నాకు?" అన్న మాటకి ఇంట్లో ఎవరూ సరైన జవాబు ఇవ్వలేదు. కాలువ ఆడపిల్ల అని చూసి వదలదు కదమ్మా. గట్టున బట్టలుతికేది, నీళ్లు తెచ్చేది, తమ్ముడు జారితే వెనకే దూకేది ఆడపిల్లలే, అలా అక్కాతమ్ముళ్లు ఇద్దరూ పోయిన వార్తలు మనం ప్రతి వేసవిలో చదువుతున్నాం. రెండో బెల్టు తనదని మీ వారితో చెప్పించండి. ఒంటికి అంటుకుని ఉండే లెగ్గింగు, టీషర్టు చాలు, చున్నీ మాత్రం వద్దు. నెలసరి రోజుల్లో మానేస్తుందా వెళ్తుందా అన్నది తన ఇష్టానికి వదిలేయండి. వీలైతే మీరు కూడా తనతో పాటు చేరండి. తల్లి నీళ్లలో దిగిందంటే పన్నెండేళ్ల పిల్లకి సిగ్గు సగం పోతుంది, మీకూ "నీ భయం అంటించబాక" అన్న మాట పడే అవసరం ఉండదు.

ఏ దారిలో వెళ్లినా ఇంట్లో నలుగురికీ ఇది తెలిసుండాలి. ఎవరైనా మునుగుతుంటే ఈత రానివాళ్లు దూకొద్దు. పంచె, చీర, వెదురు కర్ర, తాడు కట్టిన క్యాన్, ఏదైనా అందించాలి, విసరాలి. బయటికి తీశాక కడుపు నొక్కడం, తలకిందులుగా ఎత్తి గిరగిరా తిప్పడం మన ఊళ్లలో ఇంకా చేస్తున్నారు, దానివల్ల పోయేది సమయం. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి ముందు నోటితో ఊపిరి ఊదాలి, తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా నొక్కి 2 సార్లు ఊదుతూ అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. ఒకరు ఇది చేస్తుండగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఇది చదివితే వచ్చేది కాదు, మీ దగ్గర్లో ప్రాథమిక చికిత్స నేర్పేవాళ్లుంటే మీ వారినీ గుంట మీద పనివాళ్లనీ ఒకసారి కూర్చోబెట్టండి.

అత్తగారి మాట చివరికి ఉంచాను, ఎందుకంటే అదే కష్టం. దాచితే దాగదు. ఎనిమిదేళ్లవాడు మొదటి రోజు తేలి వచ్చి నాయనమ్మకే చెబుతాడు, చెప్పకుండా ఉండలేడు. అప్పుడు ఆమెకి ఈత కంటే మీరంతా కలిసి దాచారన్నదే ఎక్కువ గుచ్చుకుంటుంది, ఆ నింద కోడలిగా మీ మీదికే వస్తుంది. కాబట్టి ముందే చెప్పాలి, చెప్పాల్సింది మాత్రం మీరు కాదు, మీ వారు. మీతో కోపంగా అన్నారే, తమ్ముడికి ఈత వచ్చుంటే అని, ఆ మాట కోపం లేకుండా వాళ్లమ్మ ఎదురుగా కూర్చుని అనమనండి. ఎక్కడ, ఎంత లోతులో, ఎవరు పక్కన ఉంటారో కూడా చెప్పమనండి. ఆమె ఏడవొచ్చు, తిట్టొచ్చు, రెండు రోజులు తినకపోవచ్చు. ఒప్పుకుంటారని నేను మాట ఇవ్వలేను. ఒప్పుకోకపోతే బావి మాట పూర్తిగా వదిలేసి, కోచ్ ఉన్న పూల్ ఒక్కటే అడగండి, పేరు రాయించే రోజు ఆమెని కూడా నెల్లూరు తీసుకెళ్లి అక్కడి తక్కువ లోతు నీళ్లు చూపించండి. చూశాక కూడా వద్దంటే, అప్పుడు నిర్ణయం తల్లీతండ్రీగా మీ ఇద్దరిదీ, ఆమెకి తెలిసే తీసుకోండి.